పేరుకు ఫోర్‌మన్

30 మే 1977

ఈ అరబ్బు దేశంలో, అల్ ఖువైర్ సైట్‌లో మురుగు పైపుల పని. పైపులకు తవ్వుతున్న ట్రెంచ్ ఇప్పటికే తలకంటే లోతైంది. నేలంతా ఇసుక. కూలకుండా రెండు పక్కలా చెక్కలు నిలబెట్టందే మనిషిని దింపను, అది నా పట్టు. స్టోర్‌లో చెక్కలకు చిట్టీ రాసేది ఇన్నాళ్లూ మేస్త్రీనైన నేనే. ఇవాళ ఆ చిట్టీల బుక్కు ఇంగ్లీషు ఇంజనీర్ హార్ట్‌లీ సార్ తీసేసుకున్నాడు. ఇకమీద అన్నిటికీ ఇంజనీర్ సంతకమే అట. ఒళ్లు మండింది.

8 జూన్

సార్ కేకు పంచాడు. వాళ్ల ఊరు డెర్బీ నిన్నటి నుంచి సిటీ. వాళ్ల రాణి, తను గద్దెనెక్కి పాతికేళ్లయిందని ఆ పేరిచ్చిందట. పెద్ద చర్చి ఉంది, ఫ్యాక్టరీలున్నాయి, రెండు లక్షల జనం ఉన్నారు. అయినా రాణి కాగితం రానిదే సిటీ కాదట!

టైమ్‌కీపర్ గులాం నబీ ఉర్దూలో విడమరిచి చెప్పాడు. మూడేళ్ల కింద స్కూళ్లు, పెద్ద రోడ్లు ఆ ఊరి కౌన్సిల్ చేతిలోంచి జిల్లా కౌన్సిల్‌కు పోయాయట. ఈ కాగితంతో అవి తిరిగొస్తాయా అని అడిగించాను. సార్ నవ్వాడు. ఏమీ రాదట. ఊరి కౌన్సిల్‌కు మిగిలింది చెత్త ఎత్తడం, ఇళ్లు చూడటం, అంతే.

పని లాక్కుని పేరిచ్చారు. ఈయన కేకు పంచుతున్నాడు.

9 జూన్

నన్ను ఫోర్‌మన్ చేశారు! ఒక కాగితం, తెల్ల హెల్మెట్. నిన్న సార్‌ని చూసి నవ్వుకున్నవాణ్ణి, ఇవాళ అద్దం ముందు నుంచి కదలలేదు. కమలవ్వ అక్కకు ఉత్తరం రాశాను. పోచన్న బావ ఇక నా చేతి కిందే, నీకు రంది వద్దని. కవరు మీద నా పేరుకు ముందు ఫోర్‌మన్ అని రాయించమని కూడా.

21 జూన్, పొద్దున

చెక్కలు లేవు. సార్ రేపు చూద్దామన్నాడు. పని ఆపుతానన్నాను. ఆపే అధికారం నీకు లేదన్నాడు. బావ నా మొహం చూసి, ఏం గాదు తీయ్ బామ్మర్దీ, నిన్న తవ్విన గోడ నిలవడ్డది గదా అనుకుంటూ దిగాడు.

21 జూన్, మధ్యాహ్నం

కూలింది. చేతులతో తవ్వి తీశాం. బతికే ఉన్నాడు.

25 జూన్

బావ ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆఫీసుకు పిలిచి కాగితం ముందు పెట్టారు. చెక్కలు లేకుండా మనుషుల్ని దింపింది ఫోర్‌మన్ లచ్చన్న అని. నాది ఉత్త పేరే గదా సార్, మీ డెర్బీ లెక్కనే అన్నాను. గులాం నబీ ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు.

సంతకం పెట్టకపోతే బావను ఈ వారమే ఊరికి విమానం ఎక్కిస్తారట. గాయం ఇంకా పచ్చిగా ఉంది. పెట్టాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

28 జూలై

రాణి ఇవాళ స్వయంగా డెర్బీకి వెళ్లి ఆ కాగితం చేతికిస్తుందట. సార్ చెప్పాడు.

అక్క ఉత్తరం వచ్చింది. కవరు మీద, ఫోర్‌మన్ లచ్చన్న గారికి. లోపల ఒక్కటే మాట రాయించింది. నువ్వు ఫోర్‌మన్‌వి గదా తమ్మీ, ఆయనను ఎందుకు దిగనిచ్చినవ్ అని.