జరిపిన పెట్టె

3 ఫిబ్రవరి 2008, ఆదివారం

తేనెటీగల పెంపకం ట్రైనింగ్‌లో ఇచ్చిన పెట్టె గణపవరం తెచ్చి నేటికి మూడు నెలలు. చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా పెరట్లో కూర్చున్నాను. గోడ అవతల బాలాత్రిపురసుందరి గారి మామిడి ఆరేళ్ళ తర్వాత పూసింది. నా ఈగలన్నీ అటే. ఆవిడింట్లో పేరంటానికి వెళ్ళినట్టు కాళ్ళకు పసుపు పూసుకుని వస్తున్నాయి.

6 ఫిబ్రవరి

మంచు. స్కూలు బస్సు లైట్లు వేసుకుని వచ్చింది.

8 ఫిబ్రవరి, ఉదయం 6

మళ్ళీ మంచు. సుందరి గారు చెట్టు కింద తడిగడ్డి కాల్చి పొగ పెట్టారు. అదంతా గోడ దాటి నా పెట్టె మీదికే. రోజూ పొగ తగిలితే ఈగలు ఉన్న తేనె తాగేసి లేచిపోతాయని ట్రైనింగ్‌లో చెప్పారు. వెళ్ళి అడిగాను. పొగెయ్యకపోతే పూతంతా మాడి రాలిపోద్దండి టీచర్ గారూ, మా ఆయన నాటిన చెట్టండి, అన్నారు. ఆయన చనిపోయిన ఏటి నుంచీ పూయలేదట. వెనక్కి వచ్చేశాను.

9 ఫిబ్రవరి, శనివారం

పొద్దు వాలి ఈగలన్నీ లోపలికి చేరాక, పెట్టె గుమ్మానికి గుడ్డ కుక్కి, మా ఆయన శామ్యూలూ నేనూ దాన్ని నూతి పక్కకు మార్చాం. పదిహేను అడుగులు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

10 ఫిబ్రవరి, ఆదివారం

నేనొక సైన్స్ టీచర్ని!

ఎనిమిదింటికి మంచు కాస్త విడింది. గుడ్డ తీశాను. వెళ్ళిన ఈగలు తిరిగి పాత చోటికే వచ్చాయి. అక్కడ పెట్టె లేదు, స్టాండూ లేదు. నేలకు రెండడుగుల ఎత్తున, సరిగ్గా గుమ్మం ఉండే చోట, గాలిలో వందల ఈగలు. దిగబోతాయి, దిగడానికి ఏమీ లేక మళ్ళీ లేస్తాయి. లేని ఇంటికి కూడా కొలత తప్పడం లేదు. చర్చిలో కూడా నాకు ఇంతగా మోకరిల్లాలనిపించలేదు, ప్రభువు క్షమించాలి.

తడిసి కొన్ని నేల మీద పడుతున్నాయి. దోసిట్లోకి తీసి వెచ్చగా ఊదుతున్నాను, ఏడుస్తున్నాను. సుందరి గారు గోడ మీంచి చూసి, ఏం వెతుకుతున్నాయండీ అవి, అని అడిగారు. గుమ్మం అండీ, అన్నాను.

ఆవిడ వెళ్ళి బిందెడు నీళ్ళు పోసి పొగ ఆర్పేశారు. మా గేటు తీసుకుని వచ్చి, పాత చోటికి మోయడానికి పెట్టెకు రెండో పక్క పట్టుకున్నారు. ఈగలంటే ఆవిడకు చచ్చేంత భయం.

12 ఫిబ్రవరి

మంచు. పొగ లేదు. పొద్దెక్కగానే సుందరి గారు పిచికారీతో ఉత్త నీళ్ళు కొట్టి పూత మీది మంచు కడుగుతున్నారు. ఉపాయం నాదే. పనిచేస్తుందో లేదో నాకూ తెలియదు. ఆ మాట ఆవిడతో అనలేదు.

21 ఫిబ్రవరి

పైకొమ్మల పూత నల్లబడి రాలింది. ఈగలు ముసిరిన కింది కొమ్మల నిండా పిందెలు, మిరియపు గింజంత. ఇద్దరం చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాం. స్కూలుకు లేటయ్యాను.

9 మార్చి, ఆదివారం

పెట్టెలో సగం ఈగలు లేవు. అంతలో సుందరి గారి కేక. వెళ్తే మామిడి కొమ్మకు సొరకాయంత ఈగల గుత్తి. పాత రాణి ఈగ సగం ఈగలతో వేరు కాపురం పెట్టింది! ట్రైనింగ్‌లోనే అదనంగా ఇచ్చిన ఖాళీ పెట్టె పట్టుకెళ్ళాను. అప్పటికే ఆవిడ పొగ వేసిన చోటు ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టి ఉంచారు.

ఇక్కడుంచండి టీచర్ గారూ, అన్నారు. ఇంక జరపకండేం, అన్నారు.