ప్రశాంతి చెప్పిన ఆయిల్ కూలర్ సంగతి

ఉరవకొండ, ఆదివారం

ఇంద్రాణి వదినకు, వేళకు వండుకుని తింటున్నాను, దిగులు పడకండి.

విమానం అమ్మేయమని రాశారు. మీ చెల్లెలు ప్రశాంతి చివరి రోజు ఎలా గడిచిందనీ అడిగారు. ఆ ఉదయం రెండు చెంచాల రాగిగంజి తాగింది. పదింటికి మంచం షెడ్డు ముందర వేయమంది. నేను కట్టుకుంటున్న విమానం ఇంజిన్‌లో అప్పటికి మళ్లీ నూనె కాగిపోయింది. మన ఎండలకు పెద్దదైతే మేలని, నూనెను గాలితో చల్లార్చే ఆయిల్ కూలర్ దొరికినవాటిలో పెద్దది తెచ్చి అంతకు ముందే విమానం ముక్కులో బిగించాను. లాభం లేకపోయింది. ప్రశాంతి పడుకునే చూసి నవ్వింది.

"ఏం సారూ, గాలి వచ్చేదానికి బొక్క పెట్టినావు, పోయేదానికి యాడుండాది? వెనక గోడ పెట్టుకుని చెనక్కాయలు తూర్పారబడితే పొట్టు పోతాదా?"

సాయంత్రం నాలుగింటికి నిద్రలోనే పోయింది.

కర్మలయ్యాక కూలర్ వెనక రేకు కోసి, గాలి కిందికి పోయేలా దారి చేశాను. నిన్న మిట్టమధ్యాహ్నం ఇంజిన్ అరగంట నడిపినా నూనె వేడి చూపే మీటరు ముల్లు పచ్చ గీత దాటలేదు. ఇంజినీరింగ్ చదివి, నాలుగు నెలలు తల పట్టుకున్న నాకు తట్టనిది ఆమె ఒక్క చూపులో పట్టేసింది. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను, మీకు రాస్తున్నాను.

అత్తమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? జొన్నరొట్టె పిండికి నీళ్లు ఎంత కాగాలో రాయండి, నావి విరిగిపోతున్నాయి. పిల్లలకు దీవెనలు.

మీ మాట మీద విమానం కొంటానన్న హిందూపురం ఆయన్ను చూడటానికి రమ్మన్నాను. రేపు పొద్దున్నే ఫోన్ చేసి రావద్దని చెబుతాను.

దివాకర్