నంబరు పక్కన పేరు

ఆళ్లగడ్డ,
12-8-1987

చిరంజీవి యోహానుకు చిన్నమ్మ ప్రార్థనతో రాయునది.

నంద్యాల విత్తనాల కంపెనీ కంప్యూటరుకు నువ్వు రాసిన, బిల్లుల లెక్కలు నడిపే సెట్టింగుల ఫైలులో అన్నీ ఉత్త అంకెలేనట. అక్కడ పనిచేసే నీ చెల్లెలు దెబోరా ఒక అంకెను పొరపాటున పై వరుసలో కొట్టింది. బిల్లులన్నీ తప్పుగా వచ్చాయి. "ఇంకోసారి ఇట్లయితే ఇంటికి పో" అన్నాడట మేనేజరు. కొత్త ఫైలు ఎట్లుండాలని నువ్వడిగితే, భయపడి "నీ ఇష్టం అన్నా" అనేసింది.

మన గుడిలో ఏ పాట పాడాలో చూపే బోర్డుకు నంబర్లే తగిలించేవాళ్లం. కొత్త పుస్తకాల్లో నంబర్లు మారాయి. పరంజ్యోతి మామను సమాధి చేసే రోజు పాత పుస్తకాలున్న సగం మంది అదే నంబరుకున్న పెండ్లి పాట ఎత్తుకున్నారు. ఆయన భార్య దేవమ్మ ఏడుస్తూనే నవ్వింది: "మా ఆయప్పను మళ్లా పెండ్లికొడుకును చేస్తాండారే!" అప్పటినుంచి నంబరు పక్కన పాట మొదటి మాట కూడా రాస్తున్నాం.

నీ ఫైలులోనూ ప్రతి అంకె పక్కన అది దేనిదో రాసే పద్ధతే పెట్టు నాయనా. నేను రాశానని దెబోరాకు చెప్పవద్దు. నీకే తోచినట్టు ఉండనీ.

మీ చిన్నమ్మ