చప్పుడు ఆగితే లేచేవాడివి

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు బట్ట నేసిన కరెంటు మగ్గాన్ని, మన సాంచాను, పాత ఇనుముకు వేసేశారు. దాని పళ్లచక్రాలు రెండు, నీ చేతిలో అరిగిన, పోగును అటూ ఇటూ మోసే నాడె తెచ్చుకుని, నా కంప్యూటర్ డబ్బాను చిన్న సాంచాలా తయారుచేశాను. అవ్వకు చూపిస్తే పెదవి విరిచింది.

"చప్పుడు లేకుంటే గిది సాంచా ఎట్లయితది బిడ్డా?"

లోపలి ఫ్యాన్ రెక్కలకు తగిలేలా అట్టముక్క బిగించాను. టకటకా మొదలైంది. ఆ మోత పక్కనే కదా నువ్వు హాయిగా కునుకు తీసేవాడివి! పోగు తెగి సాంచా ఆగితేనే ఉలిక్కిపడి లేచేవాడివి.

అవ్వ చాలాసేపు వింది.

"ఇగ జర బంద్ చెయ్యి" అంది.

బంద్ చేశాను. ఇద్దరం నీ మంచం వైపే చూశాం.