ఫిజిక్సూ డ్రమ్సూ ఒకే పీరియడ్‌లో

మే 19

వేసవి సెలవుల స్పెషల్ క్లాసులు ఒకపక్క నడుస్తుండగానే, వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ పని మళ్ళీ నా నెత్తినే పడింది. జాగ్రఫీ చెప్పేదానివి, మ్యాపులు అలవాటే, ఇదీ అలాంటిదే అంటాడు ప్రిన్సిపల్. ఏటా అదే జోకు. గోడకి బోర్డు, బోర్డు నిండా రంగు కార్డులు, ఒక్కో కార్డు ఒక్కో క్లాసు. ఒకటి సర్దితే ఇంకోటి ఊడుతోంది.

ఈ నెలలో మాత్రం స్టాఫ్‌రూమ్‌లో నాకున్న మర్యాద ఇంకెవరికీ ఉండదు. కూర్చోకముందే టీ వస్తుంది. టీ వెనకే కోరికలు వస్తాయి.

మే 20

పై క్లాసుకి వెళ్ళే పిల్లలు ఏ సబ్జెక్టులు కావాలో రాసిచ్చారు. మూడు మెయిన్ సబ్జెక్టులు, మార్కులతో పనిలేని ఎలెక్టివ్ ఒకటి. సాయంత్రానికి అందర్నీ ఇరికించేశాను, ఒక్క పిల్లని తప్ప. ఫిజిక్స్ మంగళ, గురువారాలు మధ్యాహ్నం. డ్రమ్స్ కూడా సరిగ్గా అప్పుడే. డ్రమ్స్ మాస్టారు మిగతా రోజులు వేరే స్కూల్లో చెబుతాడు, ఆయన్ని కదపలేం. ఈ పిల్ల రెండూ రాసింది.

ప్రిన్సిపల్ చిటికెలో తేల్చేశాడు. ఎలెక్టివే కదా, చెస్‌లో వేసెయ్యమన్నాడు. వేసేశాను.

మే 21

డ్రమ్స్ పిల్ల వచ్చి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. నా క్లాసు పిల్ల కాదు, ఎప్పుడూ మాట్లాడింది లేదు. వేళ్ళు మాత్రం తలుపు మీద ఆడుతూనే ఉన్నాయి, తనకే తెలియకుండా. చెస్ మంచి ఆట అని చెప్పబోయాను. నా మాట నాకే చప్పగా వినిపించి ఆపేశాను.

క్లాష్ వస్తే డ్రమ్స్ మానెయ్, ఇంట్లో ఆ మోత కూడా తప్పుతుంది అన్నాడట వాళ్ళ నాన్న. స్కూల్లో క్లాసు లేకపోతే వాయించుకోడానికి ఆ పిల్లకి ఇంకో చోటు లేదు. పోనీ ఫిజిక్స్ మానేస్తావా అంటే, ఇంజనీర్ అవుదామని ఎప్పట్నుంచో అనుకుంటోందట. అది నాన్న కోరిక కాదు, తన కోరికే.

“ఒకటి వదలాల్సిందే అంటే, ఏది వదలాలో మీరే చెప్పండి మేడమ్. నావల్ల కావట్లేదు.”

నావల్లా కాలేదు. చూద్దాం వెళ్ళమన్నాను. కళ్ళు తుడుచుకుని థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ఏం ఒరగబెట్టానని థాంక్స్?

మే 22

ఏమీ చెయ్యలేదు.

మే 24, ఆదివారం

ఇంట్లో చెప్పాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకే అన్నారు అత్తయ్య. కందకి దురద ఉంది అత్తయ్యా, గొడవంతా అదే అన్నాను. మా ఆయన టిఫిన్ ఏ పీరియడ్‌లో పెట్టావో చెబితే అప్పుడే లేస్తానన్నాడు. నవ్వొచ్చింది. వెంటనే ఆ పిల్ల వేళ్ళు గుర్తొచ్చాయి.

మే 25, సాయంత్రం

బోర్డు మీద అందరి కార్డులూ కదిపి చూశాను. నావి తప్ప. మంగళ, గురువారాలు ఫస్ట్ పీరియడ్ నాది. మధ్యాహ్నం జాగ్రఫీ చెబితే పిల్లలు నిద్రపోతారు, అందుకని వాటి జోలికి ఏనాడూ పోలేదు. ఇవాళ పోయాను. నా కార్డులు తీసి మధ్యాహ్నంలో పెట్టి, ఫిజిక్స్ తెచ్చి పొద్దున పెట్టాను. పొద్దున ల్యాబ్ ఖాళీయే. డ్రమ్స్ తీసుకున్నవాళ్ళలో జాగ్రఫీ పిల్లలెవరూ లేరు. నమ్మకం కుదరక మళ్ళీ మళ్ళీ చూశాను. సరిపోయింది!

ఇక ఫిజిక్స్ సార్ ఒప్పుకోవాలి.

మే 26

ఒప్పుకోలేదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. రోజూ పొద్దున గేటు డ్యూటీ ఆయనది. లేటుగా వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని లోపలికి పంపేసరికి ఫస్ట్ పీరియడ్ సగం అయిపోతుంది, ఇక క్లాసేం చెప్పను అంటాడు. న్యాయమే. న్యాయంగా ఉన్నందుకే నాకు ఒళ్ళు మండింది.

మే 27

ఆ రెండు రోజులూ గేటు దగ్గర నేనుంటానన్నాను. స్టాఫ్‌రూమ్ మొత్తం ఘొల్లుమంది. నేను పొద్దున ఎంత ఆలస్యంగా ఊడిపడతానో ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. ఫిజిక్స్ సార్ ఒక్కడే నవ్వలేదు. ఒక్క పిల్ల కోసమా అని అడిగాడు. ఒక్క పిల్ల కోసమే అన్నాను. కాసేపు బోర్డు వంక చూసి, లేచి, ఫిజిక్స్ కార్డులు ఊడకుండా తనే గట్టిగా నొక్కిపెట్టాడు.

గుండెల మీంచి బండ దిగింది. ఎన్నాళ్ళకి ఇంత హాయిగా ఉందో.

కబురు చెబితే ఆ పిల్ల ఊరికే తలూపి, బుద్ధిగా కారిడార్ చివరిదాకా నడిచింది. మలుపు తిరిగాక ఏం గెంతు గెంతిందో, ధబ్బున చప్పుడు మాత్రం నాదాకా వచ్చింది. ఇంటికొచ్చాక మా గదిలో కూర్చుని కాస్త ఏడ్చాను. మంచి ఏడుపే.

జూన్ 16, మంగళవారం

స్కూలు మొదలైంది. టైముకే గేటు దగ్గరున్నాను. సూర్యుడు ఇవాళ ఎటు పొడిచాడే అన్నారు అత్తయ్య, నేను బయల్దేరుతుంటే. మధ్యాహ్నం నా క్లాసులో సగం మంది కునికారు. అనుకున్నదే.

జూన్ 18, గురువారం

మెలకువ రాలేదు. పరిగెత్తుకుంటూ వచ్చేసరికి బెల్ అయిపోయింది. మూసిన గేటు బయట డ్రమ్స్ పిల్ల, రొప్పుతూ. మంగళవారం క్లాసు దగ్గర్నుంచి చేతులు ఆగట్లేదట, నిద్ర పట్టట్లేదట. గేటు లోపల ఫిజిక్స్ సార్. ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. ముందు నాది.