చలికాలపు సైడర్

జూలై, ఈ దేశంలో చలికాలం. ఆదివారం రాత్రి

మద్యం మీద అంతలా ఉరిమే బోధకుడా, ఇవాళ ప్రకాశ్ చేతిలో గ్లాసు పెట్టిందెవరు?

ఆపిల్ తోటకు వెళ్లొచ్చిన సునీత సిస్టర్ అక్కడ తయారుచేసిన చలికాలపు సైడర్ తెచ్చింది. దాల్చినచెక్క, లవంగం వాసన. సైడర్ అంటే ఆపిల్ రసమేననుకుని, ప్రార్థన అయ్యాక నేనే అందరికీ పోశాను.

ప్రకాశ్ వాసన చూసి పక్కన పెట్టాడు. "వద్దన్నా, తేడాగా ఉంది. తాగుడు మానేసినవాణ్ణి కదా."

"పండ్లరసానికే వణికితే నీది ఏం విశ్వాసం తమ్ముడూ?" అన్నాను. అందరూ నవ్వారు. తల దించుకుని తాగేశాడు. రెండో గ్లాసు తనే అడిగాడు.

అతను వెళ్లాక సునీత కూతురు సీసా మీద చదివింది. "అంకుల్, ఇట్స్ ఆల్కహాల్."

బలహీనుడైన సోదరుడికి అభ్యంతరం కావద్దని, అతను పడిపోయేలా చేయొద్దని లేఖనం ఎత్తి గద్దించేది నేనే.

ఇందాక అతని భార్య ఫోన్ చేసింది. "మందు అమ్మే బాటిల్ షాప్ పార్కింగ్‌లో కూర్చుని తాగుతున్నారన్నయ్యా. రమ్మంటే రావట్లేదు." మొహం చెల్లక, ప్రార్థన చేస్తానమ్మా అన్నాను.

ప్రార్థన చాటున దాక్కోకు. లే, కారు తీయి. తెల్లారేదాకా ఆగితే అతను దక్కడు. ఈ రాత్రే అతని పక్కన కూర్చుని తప్పు నాదని చెప్పి, ఇంటికి తీసుకెళ్లు.