థోరా టీ తాగుతూ చదవాల్సింది

తల్లీ థోరా, ముందు టీ పెట్టుకో. పంచదార నీలం డబ్బాలో ఉంది, నీరసంగా ఉన్నావు కాబట్టి రెండు చెంచాలు వేసుకో. తాగుతూ ఇది చదువు. టర్నిప్ దుంపలంత అక్షరాలు రాశాను, కనబళ్లేదని వంక పెట్టకు.

గొర్రెలకి గడ్డి వేసేశాను. నేను పీతల బుట్టలు ఎత్తడానికి పడవ మీద పోతున్నా. స్నానం మాత్రం వేడివేడి నీళ్లతో చెయ్యకు. మొన్న ఒళ్లు వేడెక్కేసరికి అసలే మసగ్గా ఉన్న ఎడమకన్ను ఇంకా మసకేసి, "మావయ్యా, మొత్తం పోయింది!" అని స్నానాల గదిలోంచి కేక పెట్టావు. ఒళ్లు చల్లబడ్డాక నీ చూపు తిరిగొచ్చింది గానీ నా ప్రాణం ఇంకా రాలేదు. ఎమ్మెస్ అనే ఈ నరాల జబ్బులో ఒళ్లు వేడెక్కితే అలా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. రేపు పొద్దున్న కన్ను చూపించడానికి కిర్క్‌వాల్ ఆసుపత్రికి నేనే తీసుకెళ్తా.

రాత్రి నవ్వుతూనే ఒక మాటన్నావు. "కన్ను మసకబారిన దగ్గర్నించీ నా టీలో ఉప్పు కలపడం మానేశావు. నేనంత రోగిష్టిదాన్నైపోయానా, మావయ్యా?" ఇక నాకు నిద్రెక్కడ పడుతుందే? నీ ఎర్ర స్వెటర్ ఆ కంటికి మట్టిరంగులో కనబడుతోందని నువ్వన్నప్పుడు ఏడిపించబోయి నోరు మూసుకున్నా. భయమేసింది. కానీ నువ్వు నా పాత థోరావే, నేనే మారిపోయా.

నీ మావయ్య స్వైన్

అన్నట్టు, టీ ఎలా ఉంది? గాలి రేవువైపే వీస్తోంది. నీ తిట్లు పడవ దాకా వినబడాలి.